పాత వైర్‌లెస్ ప్రింటరును కొత్త రౌటరుతో కలిపిన క్రమం: నా అనుభవం

మా ఇంట్లో ఉన్న లేజర్ ప్రింటరును 2011లో కొన్నాము. అది నలుపు-తెలుపు మాత్రమే ముద్రిస్తుంది. దానికి తెర లేదు. పైన రెండు బటన్లు, వాటి పక్కన వైర్‌లెస్ గుర్తుతో ఒక నీలం దీపం మాత్రమే ఉన్నాయి. నాన్నగారికి ఫోను తెర మీద ఎక్కువసేపు చదివితే కళ్లు నొప్పి పుడతాయి కనుక, ఆయన చదవాలనుకున్న వ్యాసాలన్నిటినీ పెద్ద అక్షరాలలో ముద్రించి ఇస్తుంటాము. పిల్లల బడి పనులు, పెన్షను కాగితాలు, బ్యాంకు కాగితాలు కూడా ఇంట్లోనే ముద్రించుకుంటాము. జిరాక్స్ షాపుకు వాట్సాప్‌లో పంపిస్తే తక్కువ ఖర్చుతో పని జరిగిపోతుందన్న మాట నిజమే గాని, అలా పంపిన ఆధార్ కార్డులూ బ్యాంకు స్టేట్‌మెంట్లూ ఆ షాపు కంప్యూటరులో ఎంతకాలం పడి ఉంటాయో, వాటిని ఎవరెవరు తెరుస్తారో మన చేతిలో ఉండదు. ప్రింటరు ఇంట్లోనే ఉండాలని నేను పట్టుబట్టడానికి ఇదే ముఖ్యకారణం.

ఫైబర్ కనెక్షను మార్చుకున్నప్పుడు ఇంటికి కొత్త రౌటరు వచ్చింది. ఫోన్లు, టీవీ, ల్యాప్‌టాప్‌లు అన్నీ నిమిషాలలో దానికి కలిశాయి. ప్రింటరు మీది నీలం దీపం మాత్రం మిణుకుమిణుకుమంటూనే ఉంది. కనెక్షను బిగించడానికి వచ్చిన అబ్బాయి ఆ ప్రింటరును చూసి, "ఇంత పాతవి దీనికి ఎక్కవు సార్, కొత్తది తీసుకోండి" అని చెప్పి వెళ్లాడు. యూఎస్‌బీ కేబులు తగిలిస్తే అదే ప్రింటరు అద్భుతంగా ముద్రిస్తోంది. యంత్రంలో లోపమేమీ లేదు, దాని చుట్టూ ఉన్న నెట్‌వర్కు మారిందంతే. అందువల్ల ప్రింటరును మార్చే ఆలోచన పక్కన పెట్టి, రౌటరులో ఏమేమి మారాయో తెలుసుకోవడానికి పూనుకున్నాను. అయితే ఒక నియమం మాత్రం ముందే పెట్టుకున్నాను: ఒక్క ప్రింటరు కోసం ఇల్లంతటి వైఫై భద్రతను తగ్గించకూడదు.

ఇలాంటి పనిలో అన్నిటికంటే ముందు ప్రింటరు తన గురించి తాను ఏమి చెబుతుందో చూడాలి. తెర లేని ప్రింటర్లలో కూడా ఒక బటన్‌ను కొన్ని సెకన్లు నొక్కి పట్టుకుంటే కాన్ఫిగరేషను రిపోర్టు ముద్రితమవుతుంది. ఏ బటనో, ఎంతసేపో ఆయా మోడలు మాన్యువల్‌లో ఉంటుంది. చాలామంది ఈ కాగితాన్ని పట్టించుకోరు గాని, నాకు సగం సమాధానాలు అందులోనే దొరికాయి. ప్రింటరు వెతుకుతున్న నెట్‌వర్కు పేరు అందులో ఉంది. అది మా పాత రౌటరు పేరు. భద్రత పద్ధతి డబ్ల్యూపీఏ2 (వైఫైకి తాళం వేసే పద్ధతి), ఏఈఎస్ (అందులో సందేశాలను రహస్యలిపిగా మార్చే విధానం) అని ఉంది. ఐపీ చిరునామా (నెట్‌వర్కులో పరికరాన్ని గుర్తించే అంకెలు) దగ్గర అన్నీ సున్నాలు ఉన్నాయి, అంటే ఏ నెట్‌వర్కులోనూ అది చేరలేదన్నమాట. చిరునామాను డీహెచ్‌సీపీ ద్వారా, అంటే రౌటరే కేటాయించే పద్ధతిలో, తీసుకుంటుందని కూడా రాసి ఉంది. ఈ చివరి విషయం చిన్నదిగా కనిపించినా ముఖ్యమైనది. ఎవరైనా ఎప్పుడో పాత నెట్‌వర్కుకు సరిపోయే చిరునామాను చేత్తో స్థిరపరచి ఉంటే, కొత్త రౌటరు వేరే వరుసలో చిరునామాలు ఇస్తున్నప్పుడు ప్రింటరు వైఫైలో చేరినా కంప్యూటరుకు అందదు. మా ప్రింటరుకు ఆ చిక్కు లేదు.

అదే కాగితంలో రేడియో వివరం 802.11బి/జి అని ఉంది. 802.11 అనేది వైఫై ప్రమాణాల వరుస పేరు; బి, జి అందులో పాతవి. జి ప్రమాణం 2003 నాటిది, కాగితం మీద దాని గరిష్ఠ వేగం సెకనుకు 54 మెగాబిట్లు. ఈ అంకె చూసి ఇది నేటి అవసరానికి చాలదని అనుకోనక్కర్లేదు. ఒక ఏ4 పేజీని అంగుళానికి 600 చుక్కల చొప్పున నలుపు-తెలుపు బొమ్మగా మారిస్తే, కుదించక ముందు కూడా అది నాలుగున్నర మెగాబైట్లకు లోపే ఉంటుంది. కుదించి పంపినప్పుడు అందులో చిన్న వంతే అవుతుంది. ప్రింటింగుకు వేగం ఎన్నడూ ఆటంకం కాదు. అసలు సంగతి ఏమిటంటే ఈ రేడియో 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలను మాత్రమే వినగలదు. 5 గిగాహెర్ట్జ్ అనేది ఉన్నట్టు దానికి తెలియనే తెలియదు.

ఇక రౌటరు సంగతి. బ్రౌజరులో 192.168.1.1 అని కొట్టి, రౌటరు అడుగున అంటించిన చీటీలోని వివరాలతో లోపలికి వెళ్లి చూస్తే, 2.4, 5 గిగాహెర్ట్జ్ రెంటికీ ఒకే పేరు పెట్టి ఉంది. ఏ పరికరం ఏ బ్యాండులో ఉండాలో రౌటరే నిర్ణయించే ఈ పద్ధతిని బ్యాండ్ స్టీరింగ్ అంటారు. ఫోన్లకు ఇది సౌకర్యమే. భద్రత దగ్గర డబ్ల్యూపీఏ2, డబ్ల్యూపీఏ3 మిశ్రమం ఎంపికై ఉంది. డబ్ల్యూపీఏ3 2018లో వచ్చింది; అంతకు ఏడేళ్ల ముందు తయారైన ప్రింటరుకు దాని సంగతి తెలిసే అవకాశం లేదు. మిశ్రమంలో డబ్ల్యూపీఏ2 కూడా ఉంది కదా, పాతవి దాని ద్వారా చేరవచ్చు కదా అన్నది సహజమైన ప్రశ్న. సిద్ధాంతరీత్యా చేరవచ్చు. కాని మిశ్రమ పద్ధతిలో రౌటరు తన ఉనికిని చాటే సంకేతంలోనే కొత్త పద్ధతుల పేర్లు, నియంత్రణ సందేశాలకు రక్షణ కల్పించే ఏర్పాటు వివరాలు కూడా చేరుతాయి. తమకు తెలియని ఆ వివరాలను పక్కనబెట్టి ముందుకు పోవడం కొన్ని పాత రేడియోలకు చేతకాదు. అవి మొత్తం నెట్‌వర్కునే వదిలేస్తాయి.

ఈ దశలో ఇంటర్నెట్టులో తేలికగా దొరికే సలహా ఒకటుంది: రౌటరు భద్రతను పాత పద్ధతులైన డబ్ల్యూపీఏ, టీకిప్ దాకా దించేయమంటారు. దీన్ని నేను గట్టిగా వ్యతిరేకిస్తాను. టీకిప్ అనేది, అంతకు ముందున్న డబ్ల్యూఈపీ అనే వైఫై భద్రత పద్ధతి బలహీనతలు బయటపడిన తరువాత, పాత చిప్పులతోనే నెట్టుకురావడానికి 2003 ప్రాంతంలో చేసిన తాత్కాలిక ఏర్పాటు. దాని రక్షణ బలహీనమైనదన్న సంగతి అలా ఉంచి, 802.11ఎన్, ఆ తరువాతి ప్రమాణాల వేగాలను టీకిప్‌తో కలిపి వాడడానికి వీల్లేదు. అంటే దాన్ని ఎంచుకున్న నెట్‌వర్కులో కొత్త పరికరాలు కూడా సెకనుకు 54 మెగాబిట్ల దగ్గరే ఆగిపోతాయి. మా ప్రింటరుకు డబ్ల్యూపీఏ2, ఏఈఎస్ వచ్చునని రిపోర్టులోనే ఉన్నప్పుడు అంత కిందికి దిగవలసిన అవసరమే లేదు.

కనుక ప్రింటరుకు విడిగా ఒక నెట్‌వర్కు పేరు ఇవ్వాలని నిశ్చయించుకున్నాను. చాలా రౌటర్లలో ఒకే రేడియో మీద ఒకటి కంటే ఎక్కువ పేర్లు పెట్టుకోవచ్చు. ఇక్కడ గెస్ట్ నెట్‌వర్కును వాడుకోవాలన్న ఆలోచన రావచ్చు. అయితే గెస్ట్ నెట్‌వర్కు ఉద్దేశమే వచ్చిన అతిథికి ఇంటర్నెట్టు ఇచ్చి, ఇంట్లోని మిగతా పరికరాలను కనిపించనీయకపోవడం. ప్రింటరును అందులో పెడితే నీలం దీపం నిలకడగా వెలుగుతుంది, చిరునామా వస్తుంది, కాని ల్యాప్‌టాప్ నుంచి ఒక్క కాగితం కూడా రాదు. అందుచేత గెస్ట్ కాకుండా, మామూలు రెండవ పేరును 2.4 గిగాహెర్ట్జ్ రేడియో మీద, డబ్ల్యూపీఏ2 మాత్రమే ఎంచుకొని సృష్టించాను. పరికరాలు ఒకదానికొకటి కనిపించకుండా చేసే ఐసోలేషన్ అనే గడి ఖాళీగా ఉందో లేదో కూడా చూసుకున్నాను. మిగిలిన ఇల్లంతా మునుపటి పేరుతో, మునుపటి భద్రతతోనే కొనసాగింది.

ఆ రెండవ పేరు ఏమై ఉండాలన్నది నాకు ఈ పని మొత్తంలో ఎంతో ఉపయోగపడిన విషయం. తెర లేని ప్రింటరుకు కొత్త పేరు, కొత్త పాస్‌వర్డు చెప్పడం ఎలాగన్నదే పెద్ద చిక్కు. ప్రింటరుతో వచ్చిన సీడీలోని సెటప్ ప్రోగ్రాము విండోస్ 11లో నడవదు. పైగా ఇప్పటి ల్యాప్‌టాప్‌లకు సీడీ డ్రైవే లేదు. ఆ కాలపు ప్రింటర్లు సెటప్ కోసం అడ్‌హాక్ అనే పద్ధతిలో తామే ఒక నెట్‌వర్కును ప్రసారం చేసేవి, కాని నేటి ఆండ్రాయిడ్ ఫోన్లు, విండోస్ ల్యాప్‌టాప్‌లు అలాంటి నెట్‌వర్కులలో మామూలుగా చేరవు. డబ్ల్యూపీఎస్ బటను మరో దారి: రౌటరు మీద ఒకటి, ప్రింటరు మీద ఒకటి రెండు నిమిషాల వ్యవధిలో నొక్కితే అవి తమలో తాము పాస్‌వర్డు ఇచ్చిపుచ్చుకుంటాయి. కాని డబ్ల్యూపీఏ3లో డబ్ల్యూపీఎస్‌కు చోటు లేదు, పైగా మా రౌటరులో అది మొదటి పేరుకు మాత్రమే వర్తిస్తుంది. డబ్ల్యూపీఎస్‌లోని పిన్ పద్ధతిలో పెద్ద లోపం ఉందని 2011 డిసెంబరులోనే వెల్లడైంది కాబట్టి దాన్ని నేను ఎప్పుడూ ఆపివేసే ఉంచుతాను.

వీటన్నిటికంటే తేలికైన దారి ఏమిటంటే, ప్రింటరుకు కొత్త పేరు చెప్పకుండా, దానికి అప్పటికే తెలిసిన పాత పేరునే రౌటరుకు పెట్టడం. రిపోర్టులో ఉన్న పాత నెట్‌వర్కు పేరును అక్షరం పొల్లు పోకుండా రెండవ పేరుగా ఇచ్చి, పాత పాస్‌వర్డే పెట్టాను. ఇంగ్లీషు పెద్దబడి, చిన్నబడి అక్షరాల తేడా, మధ్యలో ఖాళీ ఉందా లేదా అన్నవి ఇక్కడ ప్రాణం. డబ్ల్యూపీఏ2లో అసలు తాళం చెవి పాస్‌వర్డు ఒక్కదాని నుంచే తయారుకాదు. నెట్‌వర్కు పేరునూ పాస్‌వర్డునూ కలిపి 4096 సార్లు లెక్క కట్టగా వచ్చేదే ఆ చెవి. అందుచేత పాస్‌వర్డు సరైనదే అయినా పేరులో ఒక్క అక్షరం తేడా వస్తే ప్రింటరు దృష్టిలో అది పూర్తిగా వేరే నెట్‌వర్కు.

అంతా సరిచూసుకొని ప్రింటరును ఆపి మళ్లీ వేశాను. దీపం మిణుకుతూనే ఉంది. పేరు, భద్రత, పాస్‌వర్డు మూడూ కుదిరినప్పుడు మిగిలేది రేడియోయే. ఫోనులో వైఫై సంకేతాలను చూపించే ఒక ఉచిత యాప్ వేసుకొని, ప్రింటరు పక్కనే నిలబడి చూశాను. మా అపార్ట్‌మెంటులో పొరుగు ఇళ్ల రౌటర్లన్నీ 1, 6, 11 ఛానళ్ల (బ్యాండులోని చిన్న భాగాల) దగ్గర గుంపులు గుంపులుగా ఉన్నాయి. మా రౌటరు మాత్రం ఒంటరిగా 13వ ఛానల్‌లో ఉంది. ఛానల్ ఎంపికను ఆటో అని వదిలేస్తే రద్దీ తక్కువగా ఉన్నచోటును అదే వెతుక్కుంటుంది, ఆ లెక్కన అది చేసింది సరైన పనే. మన దేశంలో 2.4 గిగాహెర్ట్జ్‌లో 1 నుంచి 13 దాకా ఛానళ్లను వాడుకోవచ్చు. కాని అమెరికాలో వాడుకలో ఉన్నవి 1 నుంచి 11 దాకానే. ఆ మార్కెట్టును దృష్టిలో పెట్టుకొని చేసిన పరికరాలు ప్రపంచంలో ఎక్కడ అమ్ముడైనా 12, 13లను వినవు. పాత రేడియో డయల్ మీద లేని స్టేషను ముల్లు ఎంత తిప్పినా తగలదు కదా, ఇదీ అంతే. ప్రింటరు మాన్యువల్ చివరి పేజీల్లోని సాంకేతిక వివరాలలో ఛానళ్లు 1 నుంచి 11 అని స్పష్టంగానే ఉంది.

ఇక్కడ ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ఛానల్ అనేది నెట్‌వర్కు పేరుకు చెందినది కాదు, రేడియోకు చెందినది. ఒకే రేడియో మీద ఎన్ని పేర్లు పెట్టినా అవన్నీ ఒకే ఛానల్‌లో ఉంటాయి. అందుకే విడిగా పేరు పెట్టినా ఈ అడ్డంకి తొలగలేదు. ఛానల్‌ను ఆటో నుంచి తప్పించి, మా ఇంటి వరకు కాస్త బలహీనంగా వినిపిస్తున్న సంకేతాలున్న 1వ ఛానల్‌కు మార్చాను. వెడల్పును 40 మెగాహెర్ట్జ్ నుంచి 20కి తగ్గించాను. ఒకదానిమీద ఒకటి పడకుండా మూడే మూడు ఛానళ్లకు చోటున్న ఈ బ్యాండులో, అందులోనూ అపార్ట్‌మెంటులో, 40 వెడల్పు తీసుకోవడం పొరుగువారికీ మనకూ కూడా మంచిది కాదని నా అభిప్రాయం. ఎలాగూ ఫోన్లు, టీవీ 5 గిగాహెర్ట్జ్‌లో ఉంటాయి కనుక ఇంటి వేగం తగ్గలేదు. రౌటరు కొత్త సెట్టింగులతో తిరిగి లేచిన నిమిషంలోపే ప్రింటరు మీది నీలం దీపం నిలకడగా వెలిగింది. మళ్లీ రిపోర్టు తీస్తే, సున్నాలున్న చోట 192.168.1 తో మొదలయ్యే చిరునామా కనిపించింది.

అయితే పాత పేరును, పాత పాస్‌వర్డును శాశ్వతంగా ఉంచుకోవడం నాకు ఇష్టం లేదు. పదేళ్లకు పైగా వాడిన ఆ పాస్‌వర్డు బంధువులకు, పక్కింటివారికి, ఎప్పుడో వచ్చి వెళ్లిన మెకానిక్కులకు కూడా తెలిసినది. ప్రింటరు ఇప్పుడు నెట్‌వర్కులోకి వచ్చింది కాబట్టి, ఇక దానితో బ్రౌజరు ద్వారానే మాట్లాడవచ్చు. ఆ కాలపు నెట్‌వర్కు ప్రింటర్లలో చాలావాటికి లోపల ఒక చిన్న వెబ్ పేజీ ఉంటుంది. ప్రింటరు ఐపీ చిరునామాను బ్రౌజరులో కొడితే తెరుచుకుంటుంది. ఇక్కడ కొత్త బ్రౌజర్లు ఒక అడ్డు పెడతాయి. చిరునామా ముందు హెచ్‌టీటీపీఎస్ అని ఉంటే, ప్రింటరుకు తెలిసిన పాత టీఎల్ఎస్ (సందేశాలను రహస్యంగా పంపే) పద్ధతులను 2020 ప్రాంతంలోనే బ్రౌజర్లు వదిలేశాయి కనుక పేజీ రాదు. ఎస్ లేకుండా హెచ్‌టీటీపీ అని పూర్తిగా కొడితే, సురక్షితం కాదన్న హెచ్చరికతో పేజీ తెరుచుకుంటుంది. మన ఇంటి గోడల మధ్య, మన నెట్‌వర్కులోపలే జరిగే పని కనుక ఆ హెచ్చరికకు భయపడనక్కర్లేదు.

ఆ పేజీలోని వైర్‌లెస్ విభాగంలో కొత్త పేరు, కొత్త పాస్‌వర్డు ఇచ్చి భద్రపరిచాను. వెంటనే సంబంధం తెగి దీపం మిణకడం మొదలుపెట్టింది, ఎందుకంటే అది వెతుకుతున్న కొత్త పేరు ఇంకా గాలిలో లేదు. రౌటరులో రెండవ పేరును, పాస్‌వర్డును కూడా అలాగే మార్చగానే రెండూ కలిశాయి. పేరును ఖాళీలు లేని చిన్న ఇంగ్లీషు పదంగా, పాస్‌వర్డును అక్షరాలు, అంకెలు మాత్రమే ఉన్న పొడవాటి వరుసగా పెట్టాను. డబ్ల్యూపీఏ2 పాస్‌వర్డు 8 నుంచి 63 అక్షరాల దాకా ఉండవచ్చు. ప్రత్యేక చిహ్నాలను కొన్ని పాత ప్రింటర్ల వెబ్ పేజీలు సరిగా తీసుకోవు గనుక, భద్రతను చిహ్నాల వల్ల కాకుండా పొడవు వల్ల సాధించడం మేలు.

తరువాతి పని చిరునామాను స్థిరపరచడం. డీహెచ్‌సీపీ ఇచ్చే చిరునామా కొంతకాలానికి మారిపోవచ్చు. మారిన రోజున కంప్యూటరు పాత చిరునామాకే కాగితాలు పంపుతూ, ప్రింటరు ఆఫ్‌లైన్ అని చూపిస్తుంది. ఇంట్లో ప్రింటరు నిన్నటిదాకా పనిచేసి ఈరోజు ఉన్నట్టుండి పలకడం లేదంటే తరచుగా కారణం ఇదే. రౌటరులోని పరికరాల జాబితాలో ప్రింటరును పోల్చుకోవడానికి రిపోర్టులోని మ్యాక్ చిరునామా (తయారీలోనే పరికరానికి ఇచ్చే గుర్తింపు సంఖ్య) పనికివచ్చింది. ఆ మ్యాక్‌కు ఎప్పటికీ 192.168.1.50 ఇవ్వమని రౌటరులోనే రిజర్వు చేశాను. ప్రింటరులో చేత్తో రాసిపెట్టడం కంటే ఇదే మంచిది. రేపు రౌటరు మారినా ప్రింటరు మొండికేయకుండా కొత్తది ఇచ్చిన చిరునామాను తీసుకుంటుంది.

విండోస్‌లో ప్రింటరును చేర్చేటప్పుడు ఎక్కువమంది జాబితాలో దానంతటదే కనిపించిన పేరును నొక్కేస్తారు. అలా చేరినప్పుడు తరచుగా డబ్ల్యూఎస్‌డీ అనే పోర్టు (కాగితాలను ప్రింటరుకు పంపే దారి) ఏర్పడుతుంది. అది ప్రింటరును ప్రతిసారీ ఇంట్లో వెతికి పట్టుకునే పద్ధతి. పాత ప్రింటరు నిద్రలోకి జారుకున్నప్పుడు ఆ వెతుకులాటకు జవాబు ఇవ్వకపోతే ఆఫ్‌లైన్ అని చూపిస్తుంది. అందుకని చేత్తో చేర్చే ఎంపికలోకి వెళ్లి, టీసీపీ/ఐపీ పరికరం అని ఎంచుకొని, 192.168.1.50 అని ఇచ్చాను. ప్రోటోకాల్ (పంపే పద్ధతి) దగ్గర 'రా' (Raw), పోర్టు దగ్గర 9100 అని పెట్టాను. ఆ పోర్టు సెట్టింగులలో ఎస్ఎన్ఎంపీ స్టేటస్ అనే గడి టిక్కు తీసేశాను. ప్రింటరు పరిస్థితిని విండోస్ ఆ మార్గంలో అడుగుతూ ఉంటుంది. జవాబు రాకపోతే, ప్రింటరు చక్కగా ఉన్నా ఆఫ్‌లైన్ ముద్ర వేస్తుంది. ఈ చిన్న మార్పు తరువాత ఆ మాట మా తెర మీద మళ్లీ కనిపించలేదు. ముందునుంచీ పేరుకుపోయి ఉన్న పాత ప్రింటరు పేర్లు, వాటి కాపీలు అన్నీ తొలగించాను. అవి ఉంటే ఇంట్లోవారు ఏదో ఒకటి నొక్కి, కాగితం రాలేదని పిలుస్తారు.

డ్రైవరును, అంటే కంప్యూటరు ప్రింటరుతో మాట్లాడడానికి కావలసిన ప్రోగ్రామును, తయారీదారు వెబ్‌సైటు నుంచి దించుకున్నాను. విండోస్ 10 కోసం చేసినదే 11లో కూడా పనిచేసింది. తయారీదారుల ప్రింటర్ డ్రైవర్లను విండోస్ అప్‌డేట్ ద్వారా అందించడాన్ని దశలవారీగా ఆపివేస్తామని మైక్రోసాఫ్ట్ 2023 సెప్టెంబరులో ప్రకటించింది. తయారీదారు ఇచ్చే ఫైలును మనం విడిగా వేసుకోవడానికి దానివల్ల అడ్డు లేదు గాని, పాత మోడళ్ల పేజీలు ఎప్పటికీ ఉంటాయన్న హామీ ఎవరూ ఇవ్వరు. ఆ ఇన్‌స్టాలరును ఒక పెన్ డ్రైవులోనూ బయటి హార్డ్ డిస్కులోనూ దాచిపెట్టాను. పాత ప్రింటరు ఉన్న ప్రతి ఇంట్లో ఈరోజే చేయవలసిన పని ఇది.

మాది కంప్యూటరు మీద ఆధారపడే రకం ప్రింటరు. అంటే అక్షరాల ఆకారాలు దానికి తెలియవు. పేజీ మొత్తాన్ని కంప్యూటరే చుక్కలుగా గీసి పంపుతుంది. దీనివల్ల తెలుగువారికి ఒక మేలు ఉంది. కంప్యూటరు తెర మీద ఏ ఫాంటు సరిగా కనిపిస్తే అదే కాగితం మీదికి వస్తుంది, ప్రింటరులో తెలుగు ఉందా లేదా అన్న ప్రశ్నే రాదు. మొదటి పరీక్షగా నాన్నగారికి కావలసిన వ్యాసాన్నే 18 పాయింట్లలో పంపాను. 'లక్ష్మి'లో మ వత్తు, 'స్వాతంత్ర్యం'లో క్రావడీ, య వత్తు విడివిడిగా, అంచులు చెదరకుండా వచ్చాయి. ఇదే లక్షణం వల్ల ఒక ఇబ్బంది కూడా ఉంది: సరైన డ్రైవరు బదులు సామాన్య డ్రైవరు ఏదైనా వేస్తే ఇలాంటి ప్రింటరు ఏమీ ముద్రించదు, లేదా అర్థంలేని గుర్తులతో కాగితాలు వృథా చేస్తుంది.

ఫోన్ల విషయంలో ఆ ఇబ్బంది ఎదురైంది. ఐఫోన్ల నుంచి నేరుగా ముద్రించే ఎయిర్‌ప్రింట్ సౌకర్యం 2010 చివరలో వచ్చింది. మా ప్రింటరుకు అది లేదు. ఆండ్రాయిడ్‌లో ఉన్న ముద్రణ సేవ కూడా దాన్ని గుర్తించలేదు. ఒకప్పుడు ఇలాంటి ప్రింటర్లకు ఆసరాగా ఉన్న గూగుల్ క్లౌడ్ ప్రింట్ 2020 డిసెంబరు 31తో మూతపడింది. అందువల్ల ఇంట్లో ఉన్న ఒక చిన్న రాస్ప్‌బెర్రీ పై కంప్యూటరులో కప్స్ అనే ఉచిత ముద్రణ వ్యవస్థను, దానితో పాటు ఈ మోడలుకు సరిపడే స్వేచ్ఛా డ్రైవరును వేసి, 9100 పోర్టు ద్వారా ప్రింటరుకు జతచేశాను. ఫోన్ల నుంచి వచ్చే పేజీని రాస్ప్‌బెర్రీ పై అందుకొని, ప్రింటరుకు తెలిసిన చుక్కల భాషలోకి మార్చి పంపుతుంది. కప్స్‌లో ప్రింటరును పంచుకునే ఎంపికను ఆన్ చేసి, ప్రింటరు ఉనికిని ఇంట్లోని పరికరాలకు చాటే అవాహి అనే సేవ నడుస్తుంటే, ఐఫోన్లకూ ఆండ్రాయిడ్‌లకూ అది కొత్త ప్రింటరులాగే కనిపిస్తుంది. నాన్నగారు ఇప్పుడు తన ఫోనులోంచి తానే పంపుకుంటున్నారు.

భద్రత గురించి ఒక మాట చెప్పి తీరాలి. ఇంత పాత ప్రింటరుకు తయారీదారు నుంచి ఇక సవరణలు రావు. అది ఇంటి లోపలి పరికరంగానే ఉండాలి, బయటి ఇంటర్నెట్టుకు ఏ మాత్రం కనిపించకూడదు. 2018 నవంబరు చివరలో, 9100 పోర్టు బయటికి తెరిచి ఉన్న ప్రింటర్లను వెతికి, ఒక యూట్యూబరుకు మద్దతుగా దాదాపు 50 వేల ప్రింటర్లలో కాగితాలు ముద్రింపజేశానని ఒక హ్యాకరు చెప్పుకున్నాడు. అందుకని రౌటరులో పోర్టు ఫార్వర్డింగ్ (బయటి ఇంటర్నెట్టు నుంచి లోపలి పరికరాలకు దారి తెరిచే ఏర్పాటు) ఏదీ లేదని సరిచూశాను, ప్రింటరు వెబ్ పేజీకి పాస్‌వర్డు పెట్టాను, వాడని సేవలన్నిటినీ ఆపివేశాను.

కరెంటు సంగతి మన ఊళ్లలో తప్పకుండా ఆలోచించవలసినది. కరెంటు పోయి వచ్చినప్పుడు ప్రింటరు త్వరగా లేస్తుంది, ఫైబర్ రౌటరుకు కొన్ని నిమిషాలు పడుతుంది. ఈలోగా నెట్‌వర్కు దొరకక ప్రింటరు వెతకడం మానుకుంటే, మళ్లీ ఆపి వేసేదాకా అది కలవదు. మా రౌటరును ఇన్వర్టరు లైనుకు మార్చాను, ఇప్పుడు అది ఆగడమే లేదు. ప్రింటరును మాత్రం ఇన్వర్టరుకు తగిలించకూడదు. లేజర్ ప్రింటరులో టోనరును కాగితానికి అతికించే ఫ్యూజరు వేడెక్కేటప్పుడు కొన్ని వందల వాట్లు ఒక్కసారిగా లాగుతుంది. అది మామూలు ప్లగ్గు మీదే ఉండాలి.

ఇదే పని చేయబోయేవారు తమ ప్రింటరు రిపోర్టులో భద్రత దగ్గర ఏముందో మొదట చూసుకోవాలి. డబ్ల్యూపీఏ2, ఏఈఎస్ అని ఉంటే పైన చెప్పిన దారి పనికివస్తుంది. డబ్ల్యూఈపీ గాని, టీకిప్ గాని మాత్రమే తెలిసిన ప్రింటరైతే దాని వైఫైని ఆపివేసి, నెట్‌వర్కు కేబులు పెట్టే సాకెట్టు ఉంటే ఆ కేబులుతో రౌటరుకు, లేకపోతే యూఎస్‌బీ కేబులుతో నేరుగా రాస్ప్‌బెర్రీ పై కంప్యూటరుకు కలపాలి. ప్రింటరు, రాస్ప్‌బెర్రీ పై పక్కపక్కనే పెట్టుకోగలిగిన ఇంట్లో డబ్ల్యూపీఏ2 ఉన్న ప్రింటరుకు కూడా ఆ యూఎస్‌బీ పద్ధతే తేలిక. మా ఇంట్లో ప్రింటరు నాన్నగారి గదిలో, రాస్ప్‌బెర్రీ పై హాల్లో రౌటరు దగ్గర ఉండటం వల్లనే నేను గాలిదారి పట్టవలసి వచ్చింది.